వందేళ్ల నాటి దెయ్యం సినిమాను చిన్న థియేటర్లో వేయడం ఎలా?

మేము మొదటిసారి ‘నోస్ఫెరాటు’ వేసిన రోజు హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్ తన శవపేటికను తానే మోసుకుంటూ, నిద్రపోతున్న ఊళ్లోకి నడిచి వచ్చే ఘట్టం వచ్చింది. ఒళ్లు జలదరించాల్సిన చోట ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరుస నుంచి వరుసకు పాకింది. ఎందుకు నవ్వారో ఆ రాత్రంతా నాకు అర్థం కాలేదు. మర్నాడు ఇంట్లో మళ్లీ వేసుకుని చూస్తే తెలిసింది. తెర మీద రాత్రి లేదు. పట్టపగలు, గోడల మీద ఎండ పడుతుండగా, ఒక మనిషి పెట్టె మోసుకుంటూ పోతున్నాడు.

1921లో జర్మనీలో ఈ సినిమా తీసేటప్పుడు రాత్రి దృశ్యాలను పగటి వెలుగులోనే తీశారు. తర్వాత ప్రింటులో ఆ భాగాలకు నీలి రంగు అద్దారు. నీలం కనిపిస్తే రాత్రి అని అప్పటి ప్రేక్షకులకు వేరే చెప్పనక్కర్లేదు. మేము తెచ్చిన కాపీలో ఆ రంగు లేదు. అంటే దర్శకుడు ముర్నావ్ చూపించిన రాత్రిని మేము జనానికి పగలుగా చూపించాం.

ఆ రోజు నుంచి నాకు ఒక పట్టుదల వచ్చింది. పాత భయానక చిత్రం పాతబడిపోయిందని ఎవరైనా అంటే, ముందు ఏ కాపీ చూశారు, ఎలాంటి హాల్లో చూశారు, చుట్టూ ఎంత వెలుగు ఉంది అని అడుగుతాను. సరిగ్గా వేస్తే ఆ సినిమా ఈ రోజుకీ భయపెడుతుంది. సరిగ్గా వేయడం ఎలాగో, నేను చేసి నేర్చుకున్న క్రమంలోనే చెబుతాను. ఫిల్మ్ క్లబ్ నడిపేవాళ్లకు, కాలేజీ సినిమా బృందాలకు, సొంత ఊళ్లో ఖాళీగా ఉన్న సింగిల్ స్క్రీన్ యజమానికి కూడా ఇది పనికొస్తుంది. కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి.

1. సినిమాను ఎంచుకోండి

మీకు నచ్చిన సినిమా అన్నది మొదటి అర్హత. హాలు దాన్ని మోయగలదా అన్నది రెండోది. సౌండ్ సిస్టమ్ అంతంతమాత్రంగా ఉన్న చిన్న హాలుకు మూకీ చిత్రం వరం. ధ్వని మీ చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసమంతా ‘నోస్ఫెరాటు’నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. కౌంట్ ఓర్లాక్‌గా వేసిన మాక్స్ ష్రెక్ బోడి తల, పొడవాటి గోళ్లు, ఎలుక పళ్లు చూస్తే భాష రాకపోయినా భయం వేస్తుంది.

మాటలున్న సినిమా కావాలంటే 1960 నాటి ‘సైకో’ ఉంది, 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఉంది. వీటికి మంచి స్పీకర్లు కావాలి. మన తెలుగులోనే కావాలంటే రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ గురించి ఆలోచించవచ్చు. కాకపోతే దానికి హక్కుదారుల అనుమతి తప్పనిసరి.

రెండు సినిమాలు కలిపి వేయాలని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. వద్దు. ఒక్కటి వేయండి, దాన్ని బాగా వేయండి.

2. మంచి కాపీ, దానికి అనుమతి

హక్కుల గొడవలోనే ‘నోస్ఫెరాటు’ దాదాపు చచ్చిపోయింది. ‘డ్రాక్యులా’ నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య ఫ్లోరెన్స్, తన అనుమతి లేకుండా కథ వాడుకున్నారని కోర్టుకు వెళ్లింది. ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అక్కడా ఇక్కడా కొన్ని ప్రింట్లు మిగిలిపోబట్టి మనం చూడగలుగుతున్నాం. ఇంత కష్టపడి బతికిన సినిమాను ఇంటర్నెట్‌లో దొరికిన మసక ఫైలుతో వేయడం నాకు మనసొప్పదు.

మన దేశంలో సినిమాకు కాపీరైట్, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1922లో వచ్చిన ఈ సినిమాకు ఆ గడువు ఎప్పుడో తీరింది. అయినా ఒక మెలిక ఉంది. సినిమా స్వేచ్ఛగా ఉన్నా, దాన్ని బాగుచేసి రంగులు అద్ది తయారుచేసిన కొత్త కాపీ ఇంకొకరి చేతిలో ఉంటుంది. దాని మీద రికార్డు చేసిన సంగీతానికి వేరే హక్కులు ఉంటాయి. డీవీడీ, బ్లూరే పెట్టెల మీద ‘ఇంట్లో చూడటానికి మాత్రమే’ అని ఉంటుంది. టికెట్ పెట్టకపోయినా థియేటర్లో వేస్తే అది ఇల్లు కాదు. ఓటీటీ ఖాతాకు కూడా ఇదే వర్తిస్తుంది.

మీకు కావలసింది జర్మనీలోని వీస్‌బాడెన్‌లో ఉన్న ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముర్నావ్ ఫౌండేషన్ తరఫున 2005–06లో తయారైన పునరుద్ధరణ. నిడివి సుమారు 94 నిమిషాలు. రాత్రికి నీలం, పగటికీ దీపం వెలుగుకీ పసుపు, తెల్లవారుజాముకు గులాబీ రంగు అందులో ఉంటాయి. ఉత్తరం రాయండి. ఎన్ని సీట్లు, ఎన్ని షోలు, టికెట్ ఉందా లేదా, ఏ తేదీ అన్నవి మొదటి ఉత్తరంలోనే చెబితే జవాబు త్వరగా వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు గోథే సెంట్రమ్‌కు కూడా ఒకసారి ఫోన్ చేయండి. జర్మన్ సినిమా వేస్తామంటే దారి చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు ఈ అడుగు కొంచెం తేలిక. అక్కడి స్వతంత్ర థియేటర్లు చాలావరకు హాలును అద్దెకిస్తాయి, లైసెన్స్ సంగతి కూడా వాళ్లే చూస్తారు. లండన్‌లో లీస్టర్ స్క్వేర్ పక్కనున్న ప్రిన్స్ చార్లెస్ సినిమా లాంటివి పాత చిత్రాల మీదే బతుకుతున్నాయి. సొంతంగా వేసే ముందు అలాంటి చోట ఒక్క పాత హారర్ షో చూసి రండి. వంద పేజీలు చదివినా రాని విషయం ఆ రెండు గంటల్లో తెలుస్తుంది.

3. సెన్సార్ సంగతి

మన దగ్గర జనానికి సినిమా వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. వందేళ్ల నాటి విదేశీ మూకీకి మీరు కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకోవడం పెద్ద పని. తేలికైన దారి ఫిల్మ్ సొసైటీ. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మొదలైన ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాలో చేరిన సొసైటీలు తమ సభ్యులకు మాత్రమే వేసే ప్రదర్శనలకు మినహాయింపు పొందుతాయి. హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో ఇలాంటి సొసైటీలు ఉన్నాయి. మీ ఊళ్లో ఉన్నదాన్ని వెతికి, వాళ్లతో కలిసి చేయండి. గేటు దగ్గర టికెట్ అమ్మకూడదు, సభ్యత్వం ఉండాలి. ఈ తేడాను వాళ్లతో కూర్చుని ముందే తేల్చుకోండి.

4. హాల్లో చీకటిని పరీక్షించండి

ఇది చాలామంది వదిలేసే అడుగు. నా లెక్కలో ఇదే అసలు పని.

హాలు చూడటానికి వెళ్లినప్పుడు సీట్లు, ఏసీ, బాత్రూములు అన్నీ చూసుకోండి. తర్వాత మేనేజర్‌ను ఒక్క మాట అడగండి: “అన్నా, లైట్లన్నీ తీసేసి ఒక పది నిమిషాలు నన్ను ఇక్కడ కూర్చోనిస్తారా?” వింతగా చూస్తారు, కానీ కాదనరు. మధ్య వరుసలో కూర్చోండి. ఫోన్ జేబులోనే ఉండాలి.

మొదటి నిమిషంలో అంతా చీకటిగానే ఉంటుంది. మూడో నిమిషం నుంచి వెలుగులు ఒక్కొక్కటీ బయటపడతాయి. తలుపు కింద సందులోంచి వరండా ట్యూబ్‌లైట్. పక్క గోడ మీద ఏసీ అంకెలు. క్యాంటీన్ వైపు తలుపుకున్న గాజు కిటికీలోంచి కూల్‌డ్రింక్ ఫ్రిజ్ వెలుగు. ప్రొజెక్టర్ గదిలో వేలాడే బల్బు, దాని చిన్న కిటికీలోంచి నేరుగా తెర అంచు మీద పడుతుంటుంది. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ లోపల ఒక్క తెల్లటి వెలుగు కంట్లో పడితే మళ్లీ మొదటికి వస్తుంది. పాత సినిమాలో భయమంతా నల్లటి మూలల్లో ఉంటుంది కాబట్టి, హాల్లో నలుపు బూడిద రంగుగా మారితే ఆ మూలలు పోతాయి.

చూసిన ప్రతి వెలుగునూ కాగితం మీద రాసుకోండి. తలుపు సందుకు మందపాటి నల్ల గుడ్డ, ఏసీ అంకెల మీద నల్ల టేపు, ఫ్రిజ్‌ను షో జరిగినంతసేపూ అవతలకి తిప్పడం. ఇవన్నీ కొద్ది ఖర్చుతో అయిపోతాయి. ఒక్క విషయంలో మాత్రం చెయ్యి పెట్టొద్దు. ‘బయటకు దారి’ బోర్డుల వెలుగు, మెట్ల అంచుల లైట్లు ఎప్పుడూ మూయకూడదు. చీకట్లో వంద మంది ఉన్న చోట అవే ప్రాణాలు కాపాడతాయి.

తెర పక్కలను కూడా చూసుకోండి. ‘నోస్ఫెరాటు’ చిత్రం దాదాపు చతురస్రంలా ఉంటుంది, వెడల్పుకు ఎత్తు నాలుగుకు మూడు. మన హాళ్లలో తెర వెడల్పు ఎక్కువ. అందుచేత బొమ్మకు అటూ ఇటూ ఖాళీ తెర మిగిలి, లేత బూడిద రంగులో మెరుస్తుంటుంది. రెండు నల్ల పరదాలు పై నుంచి వేలాడదీసి ఆ ఖాళీని కప్పేయండి. కప్పిన తర్వాత తేడా చూడండి. బొమ్మ చీకట్లోంచి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది.

5. ఆపరేటర్‌తో కూర్చోండి

ప్రొజెక్టర్ ఆపరేటర్ మీ మనిషి కావాలి. షోకు కనీసం మూడు రోజుల ముందు, ఉదయం ఆటకు ముందు ఖాళీ సమయంలో టీ పట్టుకొని వెళ్లండి. ఫైలు మొత్తం కాకపోయినా మొదటి అరగంట వేసి చూడండి. నేను రెండోసారి ఈ సినిమా వేసినప్పుడు అక్కడి పెద్దాయన నన్ను పైకి పిలిచాడు.

“బాబూ, బొమ్మంతా నీలంగా వస్తోంది. ప్రొజెక్టర్‌కు ఏదో అయినట్టుంది.”

“లేదన్నా, అది రాత్రి. పసుపు వస్తే పగలో దీపమో అనుకోండి.”

ఆయన ఇంకో పది నిమిషాలు చూసి, “మరి ఆ సంగతి ముందు చెప్పొద్దూ!” అన్నాడు. నిజంగానే ముందు చెప్పాలి. చెప్పకపోతే మంచి ఆపరేటర్ ఎవరైనా షో మధ్యలో ఆ నీలాన్ని సరిచేయబోతారు. ఈ సినిమాలో ఆయనను కంగారు పెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. గుర్రపు బండి అడవిలో అసహజమైన వేగంతో కుదుపులు కుదుపులుగా పరుగెడుతుంది. ఒక చోట అడవి మొత్తం నెగెటివ్‌లో, చెట్లు తెల్లగా కనిపిస్తాయి. రెండూ దర్శకుడు కావాలని చేసినవే. ఒక కాగితం మీద రాసి ఆపరేటర్ గదిలో పెట్టండి.

వేగం మరో ముఖ్య విషయం. ఈ పునరుద్ధరణ సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 94 నిమిషాలు నడుస్తుంది. అదే సినిమాను ఇప్పటి 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే సుమారు 70 నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు ఓర్లాక్ నెమ్మదిగా మీదికి రావడం పోయి, గబగబా నడిచే మనిషి అవుతాడు. మీ చేతికొచ్చిన ఫైలు నిడివి చూడగానే సగం సంగతి తెలిసిపోతుంది. గంటా పది నిమిషాలు అని ఉంటే వేగమైనా తప్పయి ఉండాలి, సినిమాలో కోతలైనా ఉండాలి.

ఫైలు డీసీపీ (డిజిటల్ థియేటర్లకు సినిమాను పంపే ఫైళ్ల కట్ట) రూపంలో వస్తే దానికి డిజిటల్ తాళం ఉందా అని అడగండి. తాళం ఉంటే అది మీ హాలు సర్వర్‌కు, మీ తేదీకి, మీ సమయానికి మాత్రమే తెరుచుకుంటుంది. షో అరగంట ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా గడువు ముందూ వెనకా కొన్ని గంటలు ఎక్కువ ఉండేట్టు రాయించుకోండి.

కరెంటు సంగతి కూడా అడగాలి. జనరేటర్ అందుకునే లోపల సర్వర్ ఆగిపోతే మళ్లీ లేచి నిలబడటానికి చాలా నిమిషాలు పడుతుంది. సర్వర్‌కు యూపీఎస్ ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని మీ కళ్లతో చూసుకోండి.

6. తెలుగు మాట ఎలా?

సినిమాలో మాటలు లేవు కానీ మధ్య మధ్య అక్షరాల కార్డులు వస్తాయి. అవి జర్మన్‌లో ఉంటాయి, ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. తెలుగు కావాలంటే రెండు దారులున్నాయి.

ఒకటి సబ్‌టైటిల్స్. ఇక్కడ మన లిపికి ఒక ప్రమాదం ఉంది. థియేటర్ సర్వర్లు తెలుగు వత్తులను, గుణింతాలను విడగొట్టి చూపించవచ్చు. అందుకే తెలుగు అక్షరాలను టెక్స్ట్‌గా పంపకండి, ఒక్కో వాక్యాన్ని బొమ్మగా మార్చి పెట్టించండి. డీసీపీలో అలా పెట్టే వీలుంది.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం. ఒక మనిషి తెర పక్కన చీకట్లో కూర్చుని చదవడం. ఇది మనకు కొత్త కాదు. మూకీల కాలంలో మన దేశంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవారు. రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాశ్ 1921లో మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ‘నోస్ఫెరాటు’ చిత్రీకరణ జరిగింది కూడా అదే ఏడాది. ఆ రెండు సినిమాలూ చూసిన ప్రేక్షకులు ఒకే తరం వాళ్లు. ఆ తరం సినిమా చూసిన పద్ధతి కాస్తయినా మన హాల్లోకి తిరిగి రావడం నాకు చాలా సంతోషాన్నిస్తుంది.

చదివే మనిషికి కార్డులన్నీ వరుస నంబర్లతో పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇవ్వండి. తెలుగు వాక్యం కార్డు తెర మీద ఉన్నంతసేపట్లో అయిపోవాలి, కాబట్టి పొట్టిగా రాయండి. నటించవద్దని చెప్పండి. ఈ సినిమా, విస్‌బోర్గ్ అనే ఊళ్లో వచ్చిన మహామారి గురించి ఎవరో రాసిపెట్టిన వృత్తాంతంలా నడుస్తుంది. అమ్మమ్మ రాత్రిపూట వసారాలో కూర్చుని, గొంతు పెంచకుండా, జరిగింది జరిగినట్టు చెప్పే పద్ధతి దానికి సరిపోతుంది. అలా చెప్పినప్పుడే పిల్లలు దుప్పటి కప్పుకుంటారు.

7. సంగీతం

సినిమాకు హాన్స్ ఎర్డ్‌మన్ సంగీతం రాశాడు. అందులో చాలా భాగం పోయింది. మిగిలిన దాని ఆధారంగా తిరిగి కూర్చిన సంగీతం ఉంది, అనుమతి తీసుకుంటే దాన్నే వాడవచ్చు. మీ దగ్గర ముగ్గురు మంచి వాద్యకారులు ఉంటే మాత్రం హాల్లోనే వాయించండి. ఆ అనుభవానికి మరేదీ సాటి రాదు.

వయొలిన్, హార్మోనియం, ఒక తాళవాద్యం చాలు. తంబురా శ్రుతి కింద సన్నగా నడుస్తుంటే ఓర్లాక్ కోటలోని ఖాళీ గదులకు ఒక ప్రాణం వస్తుంది. మా వాళ్లలో ఒకరు తోలుబొమ్మలాట చూసి పెరిగినవాడు. యుద్ధ ఘట్టాల్లో చెక్కల మీద కాళ్లతో తొక్కి చప్పుడు చేస్తారని చెప్పి, ఓడ దృశ్యానికి ఒక చెక్క పలక తెచ్చాడు. ఓడలో అడుగున శవపేటికలోంచి ఓర్లాక్ బల్లపరుపుగా, నడుము వంచకుండా నిటారుగా లేస్తాడు. అంతకు ముందు వరకూ ఆ చెక్క మీద నెమ్మదిగా ఒక్కొక్క అడుగు. అతను లేచేటప్పుడు అన్నీ బంద్. ఆ నిశ్శబ్దంలో మూడో వరుసలో ఒకావిడ పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకోవడం నేను చూశాను, ఆ మనిషి ఆమెకు తెలిసినవాడు కాడు.

సంగీతం బొమ్మ కంటే ముందు భయపడకూడదు. ఇది వాద్యకారులకు పదే పదే చెప్పాల్సిన మాట. దెయ్యం రాబోతోందని వయొలిన్ ముందే అరిస్తే ప్రేక్షకుడు సిద్ధమైపోతాడు. చివర్లో మెట్ల గోడ మీద ఓర్లాక్ నీడ ఒక్కటే పైకి పాకుతుంది. గోళ్లు పొడవుగా సాగి తలుపు వైపు వెళ్తాయి. నీడలతో కథ చెప్పడం తెలిసిన జాతి మనది. అక్కడ ఏ వాద్యమూ వద్దు, శ్రుతి కూడా ఆపేయండి.

సినిమాతో కలిపి కనీసం మూడు రిహార్సల్స్ కావాలి, ఒకటి ఆ హాల్లోనే. వాద్యకారుల స్టాండ్ల మీద లైట్లు పెడితే వాటికి నల్ల కాగితం గొట్టంలా చుట్టి వెలుగు కాగితం మీద మాత్రమే పడేట్టు చేయండి. నాలుగో అడుగులో సంపాదించిన చీకటిని ఇక్కడ పోగొట్టుకోవద్దు.

రికార్డు చేసిన సంగీతమే వాడితే, వాల్యూమ్ ఖాళీ హాల్లో ఒకసారి, జనం ఉన్నప్పుడు ఒకసారి చూసుకోవాలి. మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చేస్తాయి. ఖాళీ హాల్లో సరిపోయింది నిండిన హాల్లో కొంచెం తక్కువనిపిస్తుంది. సౌండ్ ప్రాసెసర్ మీద 7 అన్నది ప్రామాణిక స్థాయి. చిన్న హాల్లో అంత అక్కర్లేదు. ఎంత దగ్గర బాగుందో ఆ అంకె రాసుకోండి.

8. జనాన్ని పిలవడం

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మూకీ చిత్రం, వందేళ్లు దాటింది, ఉలిక్కిపడే సీన్ల కంటే నెమ్మదిగా పాకే భయం ఎక్కువ, గంటన్నర పైచిలుకు, ఇంటర్వెల్ లేదు. ఇంత చెప్పాక వచ్చేవాళ్లు కూర్చుని చూడటానికే వస్తారు. పోస్టర్ మీద మెట్ల నీడ ఒక్కటి చాలు. శవపేటికలు, ఎలుకలు, మహామారి ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలతో రావద్దని స్పష్టంగా రాయండి.

వేషాలు వేసి హాల్లో జనం మీదికి మనుషులను పంపే ఆలోచన ఎవరో ఒకరు తెస్తారు. ఒప్పుకోకండి. చీకట్లో మెట్ల మీద ఎవరైనా ఉలిక్కిపడి లేస్తే కాలు విరుగుతుంది. ముచ్చట తీర్చుకోవాలంటే బయట వరండాలో తీర్చుకోండి. 1922 మార్చి 4న బెర్లిన్ జూలోని పాలరాతి హాల్లో ఈ సినిమా మొదటి ప్రదర్శన జరిగినప్పుడు అతిథులను పాతకాలపు దుస్తుల్లో రమ్మన్నారు. మీరు కూడా అందరినీ నల్ల బట్టల్లో రమ్మనండి. చూడటానికి బాగుంటుంది, తెర వెలుగును తిరిగి కొట్టే తెల్ల చొక్కాలు కూడా తగ్గుతాయి.

9. ఆ సాయంత్రం

సెకండ్ షో అంటే మనకు దెయ్యం సినిమాకు తగిన వేళ అనిపిస్తుంది. కానీ చివరి బస్సు, చివరి మెట్రో చూసుకొని నిర్ణయించండి. ఒంటరిగా వచ్చే అమ్మాయిలు సినిమా మధ్యలో గడియారం చూసుకునే టెన్షన్ ఉండకూడదు. శీతాకాలంలో ఏడు గంటలకు వేస్తే బయట కూడా చీకటి పడి ఉంటుంది.

ఇంటర్వెల్ గురించి యజమానితో ముందే మాట్లాడాలి. సింగిల్ స్క్రీన్‌కు క్యాంటీన్ మీదే చాలా ఆదాయం వస్తుంది. ఇంటర్వెల్ తీసేస్తామంటే ఆయన ఇబ్బంది నిజమైనది. షోకు ముప్పావుగంట ముందు క్యాంటీన్ తెరిపించండి, తర్వాత కూడా అరగంట ఉంచమనండి, జనాన్ని ముందే రమ్మని చెప్పండి. ఎంత మాట్లాడినా కుదరకపోతే, ఈ సినిమా ఐదు అంకాలుగా ఉంటుంది కాబట్టి అంకం ముగిసిన కార్డు దగ్గర ఆపించండి. దృశ్యం మధ్యలో మాత్రం వద్దు. సమోసా కవర్ల చప్పుడు మూకీ సినిమాలో ఉరుములా వినిపిస్తుంది. కాగితం పొట్లాల్లో ఇమ్మని క్యాంటీన్ అబ్బాయిని అడగండి.

ఆలస్యంగా వచ్చేవాళ్ల విషయంలో గట్టిగా ఉండండి. 1960లో ‘సైకో’ విడుదల చేసినప్పుడు దాని దర్శకుడు హిచ్‌కాక్, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని థియేటర్లకు షరతు పెట్టాడు. మన దగ్గర ఏడు అంటే ఏడుంపావు అని అందరికీ అలవాటు. అందుకని ఆహ్వానం మీద ఏడు అని వేసి, మీ మాటలు ఏడుంపావుకు మొదలుపెట్టి, ఏడున్నరకు ముందే తలుపులు మూయించండి. తలుపు తెరిచిన ప్రతిసారీ వరండా వెలుగు తెర దాకా వస్తుంది.

వేదిక మీద మీ మాటలు ఐదు నిమిషాలు దాటకూడదు. కథ చెప్పవద్దు. నాలుగు సంగతులు చెప్పండి: నీలం అంటే రాత్రి, అప్పటి నటన ఇప్పటి కంటే పెద్దగా ఉంటుంది, బయటకు వెళ్లే దారులు ఎటు ఉన్నాయి, ఫోన్లు పూర్తిగా ఆపేయాలి. సైలెంట్‌లో పెడితే చాలదు, జేబులోంచి తీసిన ఒక్క ఫోన్ వెలుగుకు పది మంది కళ్లు చెదురుతాయి.

తర్వాత లైట్లు ఒక్కసారిగా ఆపేయకండి. నెమ్మదిగా తగ్గించి, పూర్తి చీకట్లో ఒక అర నిమిషం తెర మీద ఏమీ వేయకుండా ఉంచండి. మొదట గుసగుసలు వినిపిస్తాయి, ఎవరో దగ్గుతారు, ఆ తర్వాత హాలంతా దానంతట అదే సద్దుమణుగుతుంది. అప్పుడు మొదలుపెట్టమని ఆపరేటర్‌కు సైగ చేయండి.

మొదటి ఇరవై నిమిషాల్లో కొంచెం నవ్వు వస్తుంది. రానివ్వండి. “నవ్వకండి” అని ఎవరూ అరవకూడదు. కొత్త చోట మనిషి సర్దుకునే నవ్వు అది. కోట తలుపు తెరుచుకునే సరికి ఆగిపోతుంది. ఆగకపోతే వెనక్కి తిరిగి చూడండి, ఎక్కడో ఒక వెలుగు లీకవుతూ ఉంటుంది.

10. సినిమా అయ్యాక

చివరి కార్డు పోగానే లైట్లు వేయడం మన హాళ్ల అలవాటు. ఆపరేటర్‌కు ముందే చెప్పి పదిహేను ఇరవై సెకన్లు చీకటి ఉంచండి, తర్వాత గోడ లైట్లు మాత్రం నెమ్మదిగా వేయండి. చర్చ పెట్టాలనుకుంటే బయట టీ దగ్గర పెట్టండి, వెళ్లాలనుకున్నవాళ్లను వెళ్లనివ్వండి. నేను గేటు దగ్గర నిలబడి మాటలు వింటాను. మా రెండో షో రాత్రి, మొదటి షోలో నవ్విన కుర్రాడే మెట్లు దిగుతూ స్నేహితుడితో, “గోడ పక్క నుంచి నడవకురా” అన్నాడు.

అద్దె, వాద్యకారుల డబ్బు ఆ రాత్రే ఇచ్చేయండి. ఆపరేటర్‌కు విడిగా ఇవ్వండి. హార్డ్‌డిస్క్‌ను ఒప్పందం ప్రకారం తిరిగి పంపండి, సర్వర్‌లో ఉన్న కాపీని చెరిపించి ఆ మాట ఫౌండేషన్‌కు రాయండి. మళ్లీ అడిగినప్పుడు వాళ్లు మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. పరదాలు, నల్ల టేపు, గుడ్డలు ఒక పెట్టెలో సర్దండి. సౌండ్ అంకె ఎంత పెట్టారో, ఏ వెలుగు ఎక్కడ లీకైందో, తలుపులు ఎన్నింటికి మూశారో ఒక కాగితం మీద రాసి, ఒక నకలు ఆ పెట్టెలో, ఒకటి ఆపరేటర్ గది గోడకు అంటించి ఇంటికి రండి.